బరువు తగ్గించే ఆపరేషన్: ముందు పళ్లెం, తర్వాత పళ్లెం

(మిట్టేమరి యవనస్తుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



బరువు తగ్గించే ఆపరేషన్ గురించి మిట్టేమరిలో మాట్లాడటమేమిటి, అది బెంగళూరులో డబ్బున్నవాళ్ల సంగతి కదా అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. ఒక తరం కిందట అయితే అది నిజమే. బాగేపల్లి తాలూకా అంటే వాన కోసం ఎదురుచూసే చేలు, రాగులు, చెనక్కాయలు, కూలి దొరికిన రోజు సంగటి, దొరకని రోజు అంబలి. మన అవ్వాతాతలకు ఒళ్లు రావడం రోగం కాదు, అదృష్టం. "బిడ్డ ఒళ్లు చేసింది" అంటే మెచ్చుకోలు. ఆ మాట ఇంకా మన నోట్లో ఉంది. బ్రతుకు మాత్రం మారిపోయింది. చేనికి నడిచే కాళ్లు ఇప్పుడు బండి మీద వెళ్తున్నాయి. కలుపు తీసిన చేతులు గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషను ముందు రోజంతా కూర్చుంటున్నాయి. సంగటి పక్కన ఉలవచారు ఉండే చోట తెల్లన్నం, బేకరీ బన్ను, చక్కెర ఎక్కువైన టీ వచ్చాయి.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 24 శాతం మంది ఉండవలసినదానికంటే ఎక్కువ బరువున్నారు. మగవాళ్లలో దాదాపు 23 శాతం. అదే సర్వేలో ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే మనిషి ఒంట్లో కొవ్వు ఎక్కువగా, రక్తం తక్కువగా ఉండవచ్చు. ఈ రోజు నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. లావుగా ఉన్న మనిషి బాగా తిన్న మనిషి అని అనుకోవద్దు. ఆపరేషన్ అయ్యాక సన్నబడ్డ మనిషి బాగుపడ్డ మనిషి అని కూడా అనుకోవద్దు.

నేను సర్జన్‌ని కాను. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా ఆ మనిషి పళ్లెంలో ఏముండాలో చూడటం నా పని. అందుకే సువార్తల్లో యాయీరు కూతురి సంగతి చదివినప్పుడల్లా నా కళ్లు చివరి మాట దగ్గర ఆగుతాయి. చనిపోయిన పిల్లను యేసు ప్రభువు లేపాడు. ఇల్లంతా ఆశ్చర్యంలో ఉంది. ఆయన మాత్రం పిల్లకు తినడానికి ఏదైనా పెట్టమని చెప్పాడు. అంత పెద్ద అద్భుతం తర్వాత కూడా ఆకలి గుర్తున్నది ఆయన ఒక్కడికే.

ముందుగా మన సంఘాల్లో ఉన్న ఒక చెడ్డ అలవాటు గురించి. లావుగా ఉన్నవాళ్లను చూస్తే మనకు తిండిబోతుతనం అనే పాపం గుర్తొస్తుంది. న్యాయాధిపతుల గ్రంథంలోని ఎగ్లోను రాజు పేరు పెట్టి పిల్లలను ఆటపట్టిస్తారు. తిండిబోతు అనే నింద మన ప్రభువు మీద కూడా వేశారని మత్తయి సువార్త 11వ అధ్యాయంలో ఉంది, అది మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. బరువు పెరగడానికి వంశం, నిద్ర లేకపోవడం, రాత్రి షిఫ్టులు, థైరాయిడ్, ఆడపిల్లల్లో పి.సి.ఓ.ఎస్., కొన్ని రకాల మందులు, మనసులోని దిగులు, ఇవన్నీ కారణాలే. తిండి ఒక కారణం, అంతే.

ఇంకొకటి, మన దక్షిణాసియా వాళ్ల ఒంటి తీరే వేరు. పూణేకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండుకు చెందిన డాక్టర్ జాన్ యూడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటోనే వేసుకున్నారు. ఎత్తుకు బరువుకు ఉన్న లెక్క, అదే బి.ఎం.ఐ., ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఇంగ్లండు ఆయనకు 9.1 శాతం, మన ఆయనకు 21.2 శాతం. అంటే సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు మోసేవాళ్లం మనం. అందుకే మనవాళ్లకు బి.ఎం.ఐ. 23 దాటితేనే జాగ్రత్త పడమంటారు. మగవాళ్ల నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లది 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు.

ఇక ఆపరేషన్. మన దగ్గర ఎక్కువగా చేసేవి రెండు. ఒకటి స్లీవ్: కడుపు సంచిలో సుమారు మూడు వంతులు, కొన్నిసార్లు ఇంకాస్త ఎక్కువ, కోసి తీసేసి అరటికాయలాంటి గొట్టాన్ని మిగులుస్తారు. రెండోది బైపాస్: కడుపులో పై భాగాన్ని చిన్న గిన్నెంత చేసి, దాన్ని నేరుగా చిన్న పేగుకు కలుపుతారు. రెండింటిలోనూ ఆకలి పుట్టించే హార్మోన్లు మారతాయి. చాలామందికి షుగరు బాగా అదుపులోకి వస్తుంది. మొత్తం బరువులో పావు వంతు, ఇంకొంచెం ఎక్కువ కూడా తగ్గుతుంది. మంచి వైద్యం ఇది. దీన్ని చేయించుకున్నవాళ్లను "కష్టపడలేక కోయించుకున్నారు" అని అనేవాళ్లకు ఆ తర్వాతి కష్టం తెలియదు.

పొట్ట దగ్గర కొవ్వును పైపుతో లాగేసే లైపోసక్షన్ వేరు. అది అందం కోసం చేసే పని. దానివల్ల షుగరు తగ్గదు, ఆకలి మారదు. తెలుగువాళ్లంతా ఇష్టపడ్డ నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలో 31 ఏళ్లకే చనిపోయింది. కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకుందని పత్రికల్లో వచ్చింది. 2022 మే నెలలో బెంగళూరులో కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తీసే ఆపరేషన్ తర్వాత 21 ఏళ్లకే చనిపోయింది. వాళ్లను తప్పుపట్టడానికి ఈ పేర్లు ఎత్తలేదు. ఆడపిల్ల సన్నగా లేకపోతే సినిమా ఉండదని చెప్పే లోకం ఒకటుంది. సన్నగా లేకపోతే పెళ్లి కాదని చెప్పే లోకం మన ఇళ్లలోనే ఉంది. సంబంధం కుదరడానికి ఆపరేషన్ చేయించడమంటే కట్నం కత్తి రూపంలో వచ్చినట్టే. పైగా ఆపరేషన్ అయ్యాక 12 నుంచి 18 నెలల దాకా గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు వేగంగా తగ్గే ఆ రోజుల్లో తల్లికే పోషణ చాలదు, కడుపులో బిడ్డకు ఎక్కడి నుంచి వస్తుంది? పెళ్లి కోసం ఆపరేషన్ చేయించి, పెళ్లయిన మూడో నెలలోనే "ఏమైనా విశేషమా" అని అడిగే అత్తగార్లు ఈ మాట వినాలి.

ఆపరేషన్‌కు ముందు చేయవలసింది చాలా ఉంది. రక్తంలో ఇనుము, బి-12, విటమిన్ డి ఎంతున్నాయో పరీక్ష చేయించాలి. తక్కువుంటే అప్పుడే సరిచేసుకోవాలి. రక్తహీనతతో బల్ల ఎక్కితే దిగాక అది ఇంకా పెరుగుతుంది. చాలా ఆస్పత్రులు చివరి రెండు వారాలు అన్నం, సంగటి, చక్కెర బాగా తగ్గించి ప్రోటీన్ ఎక్కువుండే తిండి పెట్టమంటాయి. ఇది పరీక్ష పెట్టడానికి కాదు. కాలేయంలో ఒక తమ్మె కడుపు మీద పరుచుకుని ఉంటుంది. కొవ్వు పట్టిన కాలేయం ఆ రెండు వారాల్లో కొంచెం కుంచించుకుంటే సర్జన్ చేతికి దారి దొరుకుతుంది. "ఎలాగూ ఆపరేషన్ అయ్యాక తినలేం" అని ఆ వారాల్లోనే బిరియానీ విందులు చేసుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకు చెప్పండి. బీడీ, సిగరెట్టు కనీసం ఆరు వారాల ముందే ఆపాలి.

వ్యాయామం కూడా ముందే మొదలవ్వాలి. రోజూ నడక, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, మూడు బంతుల గొట్టంతో ఊపిరి పీల్చే సాధన. ఊపిరితిత్తులు బలంగా ఉంటే ఆపరేషన్ తర్వాత నిమ్ము చేరే ప్రమాదం తగ్గుతుంది.

ఇక్కడ మన తాలూకాకు ప్రత్యేకమైన మాట ఒకటి. మోకాళ్లు, నడుము నొప్పి అంటే డాక్టరు "బరువు తగ్గు" అంటారు. నిజమే కావచ్చు. కానీ మన బోరు నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుని కీళ్లను, వెన్నును బిగదీస్తుంది. మెడ తిరగని, వంగలేని మనిషిని నడవలేదని తిడితే ఏం లాభం? ఆపరేషన్ అయినవాళ్లు రోజూ లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు తాగాలి. ఆ నీళ్లు ఏ నీళ్లో ముందు తెలుసుకోండి. నీటి పరీక్ష చేయించమని పంచాయతీని అడగడం కూడా ఈ వైద్యంలో భాగమే.

ఇప్పుడు తర్వాతి పళ్లెం. మొదటి రెండు వారాలు పలుచని ద్రవాలే: వడకట్టిన పప్పుకట్టు, మజ్జిగ, పాలు, కోడి సూపు. తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆ తర్వాత మెత్తటి తిండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి, అదీ పసిబిడ్డ గిన్నెంత. ఆస్పత్రిని బట్టి ఈ వారాలు కొంచెం మారతాయి, మీ ఆస్పత్రి ఇచ్చిన కాగితాన్నే పాటించండి.

రాగిసంగటి సంగతి అడుగుతారని నాకు తెలుసు. రాగులను తక్కువ చేసి మాట్లాడితే ఈ ఊళ్లో నన్ను ఉండనివ్వరు. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, బియ్యానికి అది కలలో కూడా రాదు. కానీ సంగటి ముద్దను మనం నమలం, చారులో ముంచి మింగుతాం. అదే చిక్కు. కోసి కుట్టిన కడుపుకు మింగే తిండి పనికిరాదు. ఒక్కో ముద్దను ఇరవై ముప్ఫై సార్లు నమలాలి. లేకపోతే ఛాతీలో పట్టేసినట్టయి వాంతి అవుతుంది. పైగా నూరు గ్రాముల రాగిపిండిలో ప్రోటీన్ ఏడు గ్రాములే. ఆపరేషన్ అయినవాళ్లకు రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. అందుకని కొన్ని నెలలు సంగటిని పక్కన పెట్టండి. తిరిగి వచ్చినప్పుడు కూడా ముందు పప్పు, గుడ్డు, చికెన్ తిని, చోటు మిగిలితే నిమ్మకాయంత సంగటి, నమిలి.

60 గ్రాములు ఎలా వస్తాయి? గుడ్డు ఒకటికి ఆరు గ్రాములు. గ్లాసు పాలకు ఆరేడు. వండిన చికెన్ 75 గ్రాములకు దాదాపు 20. గట్టి పప్పు కప్పుకు ఏడెనిమిది. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, కొంచెం చికెన్, కప్పు పప్పు, కప్పు పెరుగు: ఐదారు పూటలుగా పంచుకుంటే అయిపోతుంది. మాంసం తిననివాళ్లకు పనీరు, సోయా, అనపగింజలు ఉన్నాయి. మన పితికిపప్పు పులుసు మెత్తగా ఉడికితే ఎంత మంచిదో చెప్పనక్కర్లేదు. డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పొడి మొదటి వారాల్లో ఉపయోగమే. తర్వాత ఆ ఖరీదు మోయలేనివాళ్లు గుడ్డుతో నడిపించుకోవచ్చు.

తినేటప్పుడు నీళ్లు తాగకూడదు. భోజనానికీ నీళ్లకూ అరగంట ఎడం ఉండాలి. నీళ్లను గుక్కగుక్కగా తాగాలి, చెంబెత్తి గటగటా కాదు. మిఠాయి, కూల్‌డ్రింకు తాగితే, ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకు, గుండె దడ, చెమటలు, విరేచనాలు పట్టుకుంటాయి. సారా, బ్రాందీ సంగతి యవనస్తులు వినండి: ఈ ఆపరేషన్ తర్వాత మత్తు త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది. తిండి మానిన చోట మందు వచ్చి కూర్చున్నవాళ్లు ఉన్నారు.

మాత్రలు జీవితాంతం. బి-12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి, మల్టీవిటమిన్. కాల్షియం, ఇనుము ఒకేసారి వేసుకోకూడదు, రెండు గంటల ఎడం. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు రాలుతుంది, చాలామందికి తిరిగి వస్తుంది. భయపడి నూనెలు కొనవద్దు, ప్రోటీన్ చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, దయచేసి ఫోన్లు పక్కన పెట్టి వినండి. ఆపరేషన్ అయిన మనిషికి వాంతులు ఆగకుండా అవుతుంటే అది మామూలు అనుకోవద్దు. బి-1 అనే విటమిన్ కొన్ని వారాల్లోనే అడుగంటుతుంది. చూపు తడబడటం, నడక తూలడం, మతిమరుపు మొదలవుతాయి. ఆలస్యమైతే మెదడుకు శాశ్వతమైన దెబ్బ. అప్పుడు మనం చేసేదేమిటి? పక్క వీధిలోని ఆర్.ఎం.పి. దగ్గర గ్లూకోజు ఎక్కిస్తాం. బి-1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే పరిస్థితి ఇంకా దిగజారవచ్చు. అలాగే ఒళ్లు నొప్పులని ఇచ్చే డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు, సూదులు బైపాస్ అయినవాళ్ల కడుపులో పుండు చేస్తాయి. అందుకని ఏ ఆపరేషన్, ఎప్పుడు, ఎక్కడ అయిందో ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోవాలి. ఏ డాక్టరుకైనా మొదట అది చూపించాలి. ఇంట్లో వాళ్లకూ ఈ సంగతి తెలిసి ఉండాలి. సిగ్గుపడి దాచుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఆపరేషన్ అయిన రోజే, లేదా మర్నాడే, లేపి నడిపిస్తారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి అది. ఇంటికొచ్చాక రోజుకు నాలుగైదుసార్లు పదేసి నిమిషాలు నడవాలి. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. నిండు బిందె అంటే పదిహేను కిలోలు. పాల క్యాను, కట్టెలమోపు, చంటిబిడ్డ, ఇవన్నీ బరువులే. అన్నలూ, ఆ ఆరు వారాలూ బిందె మీ భుజం మీద ఉండాలి. బస్సులో పక్కన కూర్చుని ఆస్పత్రికి తీసుకువెళ్లడంతో మీ పని అయిపోలేదు. ఆరు వారాల తర్వాత డాక్టరు ఒప్పుకుంటే కండ పెంచే వ్యాయామం మొదలుపెట్టాలి, ఎందుకంటే తగ్గే బరువులో కండ కూడా పోతుంది. జిమ్ అక్కర్లేదు. గోడకు చేతులు ఆనించి తోయడం, కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం. వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండకు పని, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ చెప్పేదీ ఇదే. 2025లో మన దేశానికి వచ్చిన మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లకు కూడా ప్రోటీన్, కండ మాట వర్తిస్తుంది.

ఏలీయా ప్రవక్త చచ్చిపోతే బాగుండునని బదరీచెట్టు కింద పడుకున్నప్పుడు దూత వచ్చి ఉపదేశం చేయలేదు. రొట్టె పెట్టాడు, నీళ్లు పెట్టాడు, పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి పెట్టాడు. ఆ తర్వాతే నడక. ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి మనసు బాగా కుంగుతుంది. ఇన్నాళ్లూ దిగులుకు తోడున్న తిండి పోయింది, వేలాడే చర్మం మిగిలింది, ఊళ్లో వాళ్లు "ఏం రోగం వచ్చింది, ఇలా చిక్కిపోయావు" అంటున్నారు. అప్పుడు సంఘం ఏం చేయాలి? ప్రేమవిందులో "ఇంకొంచెం, ఇంకొంచెం" అని పళ్లెంలో వడ్డించకూడదు. వద్దంటే వద్దనే. వేదిక మీదికి పిలిచి ముందు ఫోటో, తర్వాత ఫోటో చూపించి సాక్ష్యం చెప్పించకూడదు. ఉపవాస ప్రార్థనల విషయంలో పాస్టరుగార్లకు ఒక విన్నపం: ఆపరేషన్ అయినవాళ్లను, షుగరు మందులు వాడేవాళ్లను ఉపవాసం నుంచి మీరే నోరు తెరిచి మినహాయించండి. మీరు చెప్పకపోతే వాళ్లు సిగ్గుకొద్దీ ఉంటారు, నీళ్లు కూడా తాగరు.

చివరగా డబ్బు. కర్ణాటకలో 2025-26కు ఉపాధి హామీ కూలి రోజుకు 370 రూపాయలు. ఆపరేషన్ ఖర్చు మూడు లక్షలే అనుకున్నా 800 రోజులకు పైగా కూలి. ఏడాదికి వంద రోజుల పని దొరికితే ఎనిమిదేళ్లు. ఇక బీమా. మన బీమా నియంత్రణ సంస్థ పెట్టిన ప్రామాణిక నిబంధన ప్రకారం బి.ఎం.ఐ. 40 దాటాలి, లేదా 35 దాటి తీవ్రమైన గుండెజబ్బు, అదుపులో లేని షుగరు, నిద్రలో ఊపిరి ఆగిపోవడం లాంటి జబ్బు ఉండాలి. ఈ అంకెలు 1991లో అమెరికాలో పెట్టుకున్న గీతలు. ఆసియా వాళ్లకు ముప్పు ముందే వస్తుందని, ఇంకా తక్కువ అంకెల దగ్గరే ఆపరేషన్ గురించి ఆలోచించాలని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలే చెప్పాయి. మన ఒంటికి ఒక కొలత, మన బీమా కాగితానికి ఇంకొక కొలత. కొరింథీ సంఘంలో ఉన్నవాళ్లు ముందే తిని నిండిపోతే లేనివాళ్లు ఆకలితో మిగిలారని పౌలు కోప్పడ్డాడు. ఇక్కడ తిండి ఎక్కువై వచ్చిన జబ్బు అనుకున్నదానికి కూడా వైద్యం ఉన్నవాళ్ల వరసలోనే ఆగిపోతోంది. ఇది బాగేపల్లి కూలీ సంఘం పుట్టిన నేల. కూలి రేటు అడగడం వచ్చినవాళ్లకు తాలూకా ఆస్పత్రిలో ఒక పోషకాహార నిపుణురాలు కావాలని, బి-12 సూది ఎప్పుడూ నిల్వ ఉండాలని, నీళ్ల పరీక్ష ఫలితం పంచాయతీ గోడ మీద రాయాలని అడగడం రాదా? ఆ అర్జీ రాసి తెచ్చాను. చదివి, నచ్చితే సంతకం పెట్టండి.

మధ్యాహ్నం భోజనంలో ఈసారి గుడ్డు, పప్పు ముందు వడ్డిస్తారు, అన్నం తర్వాత. నడుము కొలిచే టేపు మగవాళ్లకు బయట చెట్టు కింద, ఆడవాళ్లకు లోపలి గదిలో ఉంది. రాసిన చీటీ మీ చేతికే ఇస్తారు, ఎవరి కొలతా పైకి చదవరు.